పాత చిత్రం ఏదమ్మా?

2019 డిసెంబర్ 26, గురువారం. ఆ ఉదయం సూర్యగ్రహణం. మస్జిదులో కుసూఫ్ నమాజు ముగించి, గ్రహణం ఎవరి పుట్టుకకూ, ఎవరి మరణానికీ సంబంధించినది కాదన్న దైవప్రవక్త (స) బోధను జమాఅతుకు నాలుగు మాటల్లో గుర్తుచేసి మేము ఇంటికి చేరేసరికి పదకొండు కావస్తున్నది. మేడ మీద పిల్లల కేరింతలు వినబడుతున్నాయి. మా పిల్లలు, పక్కింటి పిల్లలు కలిసి ఏడెనిమిది మంది ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ అరచేయి పాటి నల్లని ఫిల్మ్ ముక్క ఉంది. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. ఎక్స్‌రే ఫిల్ములోంచి గ్రహణం చూస్తే కళ్ళకు ప్రమాదమని గట్టిగా మందలించి అందరినీ కిందికి దింపాము. ఆ ఫిల్మ్ ఎవరిదని మాత్రం అడగలేదు.

అది మా పెద్దాపాది. బావగారు పోయిన నాటి నుంచి ఆపా మా ఇంట్లోనే ఉంటున్నారు. పిల్లలకు ఆమె ఫుప్పూ. 2017లో తెలిసినవారి సలహా మీద రాజమహేంద్రవరం వెళ్ళి రొమ్ము ఎక్స్‌రే తీయించుకున్నారు. దాన్నే మామోగ్రామ్ అంటారు. దోషమేమీ లేదని రిపోర్టు వచ్చింది. ఇంటికి రాగానే ఆపా చేసిన మొదటి పని, కవరు మీద పరీక్ష పేరు ఉన్న చీటీని చింపివేయడం. రెండవ పని, ఆ కవరును బీరువా పైన బొంతల వెనుకకు తోసివేయడం. ఇంట్లో మగవాళ్ళు తిరుగుతుంటారు, మదరసా పిల్లలు వచ్చిపోతుంటారు, ఆ పేరు ఎవరి కంటా పడకూడదని ఆమె ఉద్దేశం. మేము కూడా అది సబబే అనుకున్నాము. రెండేళ్ళ తర్వాత పిల్లలు ఇల్లంతా గాలిస్తే వారికి దొరికింది పేరులేని ఒక పాత ఎక్స్‌రే. పైగా చేతి ఎక్స్‌రే, ఛాతీ ఎక్స్‌రేల కంటే అది వారికి ఎంతో నచ్చింది. ఎందుకంటే రొమ్ము ఎక్స్‌రేలో రొమ్ము ఆకారం ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. మిగిలిన ఫిల్మంతా కాటుక పూసినట్టు నల్లగా ఉంటుంది. కత్తెరకు పని దొరికింది.

2020 ఫిబ్రవరిలో ఎడమ వైపు సన్నని నొప్పి అంటే ఆపాను మళ్ళీ పరీక్షకు తీసుకువెళ్ళాము. చిత్రాలు చూసిన రేడియాలజిస్టు ఒక పెద్దావిడ. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “పాత చిత్రం ఏదమ్మా?” అని. ఆపా మా వైపు చూశారు. మేము నేల వైపు చూశాము.

“ఇక్కడ చిన్న తెల్లటి మసక ఉంది. ముందు నుంచీ ఉన్నదే అయితే భయపడవలసింది లేదు. కొత్తగా వచ్చినదైతే ఇవాళే సూది పరీక్షకు పంపుతాను. పోల్చి చూడడానికి నా దగ్గర ఏమీ లేదు” అన్నారామె. మొదటిసారి పరీక్ష చేసిన చోటికి ఫోన్ చేశాము. అక్కడ యంత్రం మార్చారు, పాత చిత్రాలు ఉంచలేదు. చివరకు, ఈ చిత్రాన్నే ఆధారంగా పెట్టుకుని ఆరు నెలల తర్వాత మరొకటి తీసి రెండింటినీ పోల్చి చూద్దామన్నారు.

ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో పాఠకులకు తెలుసు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ వేసవి దాటేసరికి రాష్ట్రంలో కరోనా కేసుల సంఖ్యలో మా తూర్పు గోదావరి జిల్లాయే అందరికంటే ముందు నిలిచింది. ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. ఆసుపత్రి అంటేనే జనం జడిసే రోజులవి. నొప్పి తగ్గిందన్నారు ఆపా. మేము నమ్మాము, నమ్మడం మాకు సుఖంగా ఉన్నది కనుక. మళ్ళీ పరీక్షకు వెళ్ళేసరికి 2021 మార్చి అయింది. రెండు చిత్రాలనూ పక్కపక్కన వెలుగు తెర మీద పెట్టారు. చదువు రానివాడికైనా తేడా తెలిసిపోతుంది. ఆపరేషన్ జరిగింది, ఆపై కీమోథెరపీ. ఆరోగ్యశ్రీ ఉన్నందున ఇల్లు తాకట్టు పెట్టే అవసరం రాలేదు. అల్‌హమ్దులిల్లాహ్, ఆపా మా మధ్యనే ఉన్నారు. ఎడమ చేయి మాత్రం అప్పుడప్పుడు వాస్తుంది, ఆ చేత్తో నీళ్ళ బిందె ఎత్తలేరు.

2017 నాటి చిత్రం చేతిలో ఉండి ఉంటే ఆ అనుమానం 2020 ఫిబ్రవరిలోనే అటో ఇటో తేలేదని ఆ డాక్టరమ్మ తర్వాత ఒకసారి అన్నారు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. ఆ మాట మమ్మల్ని వదలలేదు. పాత చిత్రానికి అంత విలువ ఏమిటో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాము. ఇప్పుడు ఈ పోలిక పనిని కంప్యూటర్లకు కూడా నేర్పుతున్నారని ఆ చదువులోనే తెలిసింది. వైద్యం మా విద్య కాదు. అర్థమైనంతవరకు, వైద్యులను అడిగి సరిచూసుకున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాము.

నిజానికి పోల్చి చూడడమనే సంగతి మదరసాలో చదివినవారికి కొత్తది కాదు. అచ్చుయంత్రం లేని కాలంలో హదీసు గ్రంథాలను చేత్తో నకలు తీసేవారు. నకలు పూర్తయిన తర్వాత మూలప్రతిని ఒకరు చదువుతుంటే మరొకరు నకలును వరుస వరుసగా సరిచూసేవారు. దాన్ని ముఖాబలా అంటారు. ముఖాబలా జరగని ప్రతిని పండితులు నమ్మేవారు కారు. దైవప్రవక్త (స) ప్రతి రమజానులోనూ జిబ్రీల్ (అ)తో కలిసి ఖుర్ఆన్‌ను మరల మరల సరిచూసుకునేవారనీ, చివరి సంవత్సరం అది రెండుసార్లు జరిగిందనీ మనం చదువుకున్నాము. ఒక ప్రతి మాత్రమే చేతిలో ఉన్నప్పుడు పొరపాటు కూడా ఒప్పులాగే కనబడుతుంది. రెండవ ప్రతి పక్కన పెట్టినప్పుడే అది బయటపడుతుంది.

రొమ్ము ఎక్స్‌రే విషయంలో ఇది మరీ నిజం. ఎముక విరిగితే ఎక్స్‌రేలో గీతలాగా తెలుస్తుంది. విరగని ఎముక ఎలా ఉండాలో వైద్యుడికి ముందే తెలుసు. రొమ్ము అలా కాదు. ఏ ఇద్దరు స్త్రీలకూ లోపలి అమరిక ఒకేలా ఉండదు. కొవ్వు ఉన్నచోట చిత్రం నల్లగా పడుతుంది. పాలగ్రంథులు, నరాల వంటి పీచు ఉన్నచోట తెల్లగా పడుతుంది. చిక్కు ఏమిటంటే క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. వయసులో ఉన్న స్త్రీలలో గ్రంథులు ఎక్కువ కనుక చిత్రమంతా తెలుపే. ముగ్గుపిండి రాశిలో ఉప్పుకల్లును వెతికినట్టు ఉంటుంది వైద్యుడి పని. అందుకే చిన్న వయసులో ఈ పరీక్ష వల్ల అంతగా ఉపయోగం ఉండదు. నలభై దాటిన తర్వాతనే దీన్ని సూచిస్తారు. అయితే ఒక స్త్రీ లోపలి అమరిక ఎంత చిక్కుగా ఉన్నా, అది ఆమె వేలిముద్ర లాంటిది. ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు. వయసుతో పాటు తెలుపు నెమ్మదిగా తగ్గుతుంది, అంతే. కాబట్టి నిన్న లేని తెలుపు ఇవాళ కనిపిస్తే అది ప్రశ్నించవలసిన తెలుపు. రేడియాలజిస్టులు కేవలం నిరుటి చిత్రంతోనే కాక, దొరికితే రెండేళ్ళు, మూడేళ్ళ కిందటి వాటితో కూడా పోల్చడానికి కారణం ఇదే. నెమ్మదిగా పెరిగేది ఏడాదిలో కనబడకపోవచ్చు, మూడేళ్ళ దూరంలో కనబడుతుంది.

జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నది 1895లో. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్ చేసి తీసిన సుమారు 3000 రొమ్ములను ఎక్స్‌రే తీసి గడ్డల స్వరూపాన్ని పరిశీలించాడు. రొమ్ముకు ప్రత్యేకించిన యంత్రాలు 1960లలో వచ్చాయి. ఈ శతాబ్ది ఆరంభం నుంచి ఫిల్ముకు బదులు చిత్రం నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్ళే యంత్రాలు వ్యాపించాయి. చిత్రం అంకెలుగా మారిన తర్వాత దానితో కూడికలు, తీసివేతలు చేయవచ్చు కదా. పోలిక పని కంప్యూటర్‌కు అప్పగించాలన్న ఆలోచనకు దారి అక్కడే సుగమమైంది.

ఆలోచన తేలిక. పాత చిత్రాన్ని కొత్త చిత్రంలోంచి తీసివేయాలి. రెండింటిలోనూ ఉన్నది కొట్టివేయబడుతుంది, కొత్తగా వచ్చినది మిగులుతుంది. ఖగోళశాస్త్రజ్ఞులు ఈ ఉపాయాన్ని ఎన్నడో వాడారు. 1930లో అమెరికాలో క్లైడ్ టామ్‌బా అనే యువకుడు, కొన్ని రోజుల తేడాతో తీసిన రెండు ఆకాశ చిత్రాలను ఒకదాని వెంట ఒకటి మార్చి మార్చి చూస్తూ, వేల చుక్కల మధ్య కదిలిన ఒకే ఒక్క చుక్కను పట్టుకున్నాడు. అదే ప్లూటో.

కానీ నక్షత్రాలు ఉన్నచోటనే ఉంటాయి, రొమ్ము ఉండదు. పరీక్షలో దాన్ని రెండు పలకల మధ్య అదిమి పట్టి చిత్రం తీస్తారు. ఇంట్లో రొట్టెలు చేసేవారికి దీని కష్టం ఇట్టే అర్థమవుతుంది. ఒకే పిండిముద్దను రెండుసార్లు వత్తితే రెండుసార్లూ ఒకే ఆకారం రాదు. ఈసారి కొంచెం ఎక్కువ అదిమారు, పోయినసారి కొంచెం పక్కకు తిప్పారు, ఈలోగా మనిషి నాలుగు కిలోలు తగ్గింది, యంత్రమే వేరొకటి వచ్చింది. ఇవన్నీ తేడాలే, వ్యాధి కాని తేడాలు. వీటిని పట్టించుకోకుండా తీసివేత చేస్తే మిగిలేది అంతా గందరగోళం. అందువల్ల కంప్యూటర్ మొదట రెండు చిత్రాలనూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోబెట్టాలి. చనుమొన, చర్మపు అంచు, ఛాతీ కండరపు గీత వంటి గురుతులను పట్టుకుని, పాత చిత్రాన్ని అవసరమైనచోట సాగదీసి, అవసరమైనచోట కుదించి కొత్తదానికి అతికేలా చేయాలి. తర్వాత రెండింటి వెలుగునీడలను ఒక స్థాయికి తేవాలి. ఆ తర్వాతనే తీసివేత. మిగిలిన చుక్కల్లో ఏది నిజంగా కొత్తది, ఏది అతుకు సరిగా కుదరక మిగిలినది అని మళ్ళీ జల్లెడ పట్టాలి.

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో కునియో దోయి బృందం 1980ల నుంచీ ఎక్స్‌రే చిత్రాలను కంప్యూటర్‌తో చదివించే పని చేసింది. కుడి రొమ్ము చిత్రాన్ని ఎడమదానితో పోల్చి తేడా తీయడం వారు మొదట ప్రయత్నించిన వాటిలో ఒకటి. 1999లో దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన సల్లామ్, బోయర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే స్త్రీ చిత్రాలను అతికించి తేడా కనుగొనే పద్ధతిని ప్రచురించారు. ఇటీవల సైప్రస్ విశ్వవిద్యాలయంలో కోస్మియా లోయిజిదు, కోస్తాస్ పిత్రిస్ బృందం ఇదే దారిలో ముందుకు వెళ్ళింది. ఒకే స్త్రీకి వరుసగా తీసిన రెండు చిత్రాలను అతికించి, పాతదాన్ని తీసివేసి, మిగిలిన సున్నపు రేణువుల్లో ఏవి అనుమానించదగినవో కంప్యూటర్‌తో వేరుచేయించారు. సున్నపు రేణువులంటే రవ్వకంటే సన్నని తెల్లచుక్కలు. చాలా వరకు హాని లేనివే, కొన్నిచోట్ల గుంపుకట్టి క్యాన్సర్‌కు తొలి జాడ అవుతాయి. చేతికి గడ్డ తగలడానికి ఎంతో ముందు ఇవి కనబడతాయి.

మనకు దగ్గరివారి కృషి కూడా ఇందులో ఉంది. కర్ణాటకలో ఇంజనీరింగు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో డాక్టరేటు చేసి కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రంగరాజ్ రంగయ్యన్ ఒక ప్రత్యేకమైన ప్రశ్న వేసుకున్నారు. పరీక్షలో ఏమీ లేదని తేలిన కొందరు స్త్రీలకు తర్వాతి పరీక్ష రాకముందే క్యాన్సర్ బయటపడుతుంది. వారి పాత చిత్రాల్లో అప్పటికే ఏదైనా సూచన ఉన్నదా? ఆయన బృందం ఆ పాత చిత్రాలను తీసి, రొమ్ములోని పీచు సహజమైన దిశ తప్పి ఒక బిందువు వైపు లాగబడినట్టు ఉన్న తావులను కంప్యూటర్‌తో వెతికించింది. గడ్డ కాదు, గడ్డకు ముందు వచ్చే ముడత అన్నమాట. కొన్ని చిత్రాల్లో ఆ జాడలు దొరికాయి. దాచి ఉంచిన పాత చిత్రాలే లేకపోతే ఈ ప్రశ్న వేయడానికే వీలుండేది కాదు.

ఇక్కడ పాఠకులను ఒక విషయంలో హెచ్చరించాలి. కంప్యూటర్ అనగానే తప్పు చేయదని నమ్మే అలవాటు మన ఇళ్ళల్లో బాగా పెరిగింది. 1998లో రొమ్ము ఎక్స్‌రేలపై అనుమానపు తావులకు గుర్తు పెట్టే కంప్యూటర్ పరికరానికి అమెరికా ప్రభుత్వం తొలిసారి అనుమతి ఇచ్చింది. ఆ దేశమంతటా అది వ్యాపించింది. 2007లో 43 కేంద్రాల్లో రెండు లక్షల పైచిలుకు స్త్రీల పరీక్షలను పరిశీలించి చూస్తే, ఆ పరికరం పెట్టిన చోట సూది పరీక్షలు సుమారు 20 శాతం పెరిగాయి, కనుగొన్న క్యాన్సర్లు మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు. యంత్రం అతిగా గుర్తులు పెడితే ఏమీ లేని స్త్రీ కూడా నిద్ర లేని రాత్రులు గడపవలసి వస్తుంది. ఆ భయం ఎలాంటిదో మా ఇల్లు ఎరుగును.

ఆ తర్వాత వచ్చిన కృత్రిమ మేధ వేరే పద్ధతిలో, లక్షల చిత్రాలు చూసి నేర్చుకున్నది. దీన్ని కూడా మాట మీద నమ్మకుండా పరీక్షించినవారు స్వీడన్ దేశస్థులు. అక్కడ ప్రతి చిత్రాన్నీ ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చదవడం రివాజు. లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా లాంగ్ నాయకత్వంలో 80 వేల మంది స్త్రీలను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి పాత పద్ధతి. రెండవ వర్గంలో కంప్యూటర్ మొదట చిత్రానికి 1 నుంచి 10 వరకు ప్రమాదపు అంకె వేస్తుంది. 10 వచ్చిన వాటిని ఇద్దరు వైద్యులు, మిగిలినవాటిని ఒకరు చదువుతారు. 2023లో ఫలితాలు వెల్లడించారు. పాత పద్ధతిలో వెయ్యి మందికి 5 చొప్పున, కొత్త పద్ధతిలో 6 చొప్పున క్యాన్సర్లు దొరికాయి. వైద్యులు చదవవలసిన పని 44 శాతం తగ్గింది. అనవసరంగా వెనక్కు పిలిచిన వారి సంఖ్య పెరగలేదు. ఇందులో మాకు నచ్చిన విషయం మరొకటి ఉంది. కంప్యూటర్ అంకె వేసింది, తీర్పు మాత్రం వైద్యుడే చెప్పాడు. ముఫ్తీ దగ్గరకు ప్రశ్న తీసుకువెళ్ళే గుమాస్తా ఎంత చురుకైనవాడైనా ఫత్వా అతడు ఇవ్వడు కదా.

ఇదంతా స్వీడన్, అమెరికా మాట. మన సంగతి ఏమిటి? స్వీడన్‌లో ఊరూరా స్త్రీలకు ఉత్తరం పంపి, రెండేళ్ళకోసారి పిలిచి, చిత్రాలన్నీ భద్రపరుస్తారు. మన దగ్గర అలా పిలిచేవారు లేరు. కోనసీమ లంకల నుంచి, నరసాపురం వైపు నుంచి వచ్చే స్త్రీలలో ఎక్కువమంది జీవితంలో మొదటి రొమ్ము ఎక్స్‌రే తీయించుకునేది చేతికి గడ్డ తగిలి, అది పెరిగి, దాచలేని స్థితి వచ్చిన తర్వాతనే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది కొత్తగా సుమారు 1,92,000 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98,000 మంది ఆ వ్యాధితో మరణించారు. ఆలస్యంగా రావడమే ఇంతమంది మరణించడానికి ముఖ్యకారణమని వైద్యులు చెబుతారు.

అందుకని యంత్రం లేనిచోట ఏమీ చేయలేమని కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది బస్తీ స్త్రీలపై ఇరవై ఏళ్ళు సాగించిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. పెద్ద చదువులు లేని ఆడ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి చేత్తో తడిమి పరీక్షింపజేశారు. యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. హైదరాబాదులో డాక్టర్ రఘురామ్ తన తల్లి పేరిట 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ కూడా రెండు తెలుగు రాష్ట్రాల గ్రామాల్లో ఇలాంటి చేతి పరీక్షలు జరిపించింది. ముప్ఫై దాటిన స్త్రీలను ఇలా పరీక్షించాలన్నది జాతీయ కార్యక్రమంలో కూడా ఉంది. మీ వీధికి వచ్చే ఏఎన్ఎమ్‌నే అడగవచ్చు. మా వీధికి వచ్చే అమ్మాయి ఒకసారి మాతో అన్నది: “మౌల్వీగారూ, మీ వాళ్ళ ఇళ్ళల్లో బీపీ చూపిస్తారు, షుగరు చూపిస్తారు. ఆ పరీక్ష అనగానే తలుపు దగ్గరికి వేస్తారండీ.”

ఆ తలుపు గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. హయా మన ఈమాన్‌లో భాగం. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు, జీవితమంతా పిల్లలకు అదే నేర్పాము. కానీ వైద్యావసరం వచ్చినప్పుడు, అవసరమైనంత మేరకు, శరీరాన్ని చూపించడానికి అనుమతి ఉందని మన ఫిఖ్హ్ పండితులందరూ చెప్పిన మాటే. స్త్రీ వైద్యురాలు దొరికితే ఆమె వద్దకే వెళ్ళాలి, దొరకని పక్షంలో పురుష వైద్యుడి వద్దకు వెళ్ళడానికి కూడా అనుమతి ఉంది. దైవప్రవక్త (స) కాలంలోనే మస్జిదె నబవీలో గుడారం వేసుకుని గాయపడినవారికి రుఫైదా (ర) సేవ చేశారు. ఆ గుడారాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

పైగా ఈ పరీక్ష విషయంలో సోదరీమణులు ఊహించుకునేంత ఇబ్బంది లేదు. యంత్రం దగ్గర నిలబెట్టి చిత్రం తీసేది సాధారణంగా స్త్రీ టెక్నీషియనే. ముందుగా ఫోన్ చేసి అడిగి వెళ్ళవచ్చు. గదిలో మరెవరూ ఉండరు. అదిమినప్పుడు కొన్ని క్షణాలు నొప్పి ఉంటుంది, అది నిజం. చిత్రాన్ని చదివే వైద్యుడికి కనబడేది నలుపు తెలుపుల ఛాయలు మాత్రమే, మనిషి కాదు. పరిశోధనకు వాడే చిత్రాల్లోంచి పేరు, ఊరు తొలగిస్తారు. మా మదరసాలో చదివే ఒక అమ్మాయి తల్లి మా భార్య ద్వారా అడిగించారు, కంప్యూటర్‌లో పెడితే అందరికీ కనబడుతుందా అని. కనబడదమ్మా. ఆ చిత్రంలో ముఖం ఉండదు, మీ చిత్రాన్ని మరొకరి చిత్రం పక్కన పెడితే మీరే గుర్తుపట్టలేరు.

మా ఇంట జరిగిన దానికి మూలం పిల్లల కత్తెర కాదని మాకు చాలాకాలానికి తెలిసింది. ఆ కవరు మీద పేరు ఉండి ఉంటే, అది ఫుప్పూ ఆరోగ్యానికి సంబంధించిన కాగితమని పిల్లలకు ఒక్కమాట చెప్పి ఉంటే, వారు ముట్టుకునేవారు కారు. మా ఇంట్లో ఏ పిల్లవాడూ ఖుర్ఆన్ షరీఫ్ ఉన్న అర మీద చేయి వేయడు, ఇంటి దస్తావేజులు ఉన్న పెట్టె తెరవడు. ఎందుకంటే అవి ఏమిటో చెప్పాము. దీని పేరు మాత్రం నోట పలకలేదు. మగవాళ్ళము పలకలేదు కనుక ఆడవాళ్ళు దాచారు. అన్నదమ్ములు, భర్తలు, కొడుకులు ముందుగా ఆ పేరు పలకడం నేర్చుకోవాలి. ఆటో మాట్లాడేదీ, డబ్బు తీసి ఇచ్చేదీ చాలా ఇళ్ళల్లో ఇంకా వారే.

ఇక దాచుకునే పద్ధతి. ఫిల్ము మీద ముద్రించి ఇచ్చేది అసలు చిత్రానికి నకలు మాత్రమే. కంప్యూటర్‌తో పోల్చాలన్నా, రేడియాలజిస్టు పెద్దది చేసి చూడాలన్నా అసలు డిజిటల్ ఫైలే కావాలి. దాన్ని డైకామ్ ఫైలు అంటారు. పరీక్ష చేయించుకున్న రోజే సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వమని అడగాలి, ఏళ్ళు గడిచాక అడిగితే ఉంటుందన్న నమ్మకం లేదు. ఫిల్మును సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకున్నామని కొందరంటారు. రవ్వకంటే సన్నని చుక్కలు ఆ ఫోటోలో నిలవవు. రిపోర్టు కాగితం ఒక్కటీ సరిపోదు, ఎందుకంటే పోల్చేది మాటలను కాదు. చివరిది మాత్రమే కాక అన్ని సంవత్సరాలవీ ఉంచాలి. కవరు మీద పేరు, తేదీ, పరీక్ష చేసిన ఊరు పెద్ద అక్షరాలతో రాయాలి. ఎండకు, వంటింటి వేడికి ముద్రించిన ఫిల్ము పాడవుతుంది. మన డెల్టాలో చెమ్మ మరొక శత్రువు. 2022 జూలై వరదలో లంక గ్రామాలవారు ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని పడవ ఎక్కడం మేము చూశాము. ఆ సంచిలో ఈ కవరుకు కూడా చోటు ఉండాలి.

చికిత్స విషయానికి వస్తే గతంలో కంటే దారి దగ్గరైంది. రాజమహేంద్రవరం పక్కన రాజానగరంలోనే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నాటి ఆరోగ్యశ్రీ, నేటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స జరుగుతుంది. కార్డు ఉన్నవారు వెళ్ళేముందు ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలవాలి.

ఆపాకు ఇప్పుడు ఏడాదికొకసారి కుడి వైపు చిత్రం తీస్తారు. 2021 నుంచి ఉన్నవన్నీ ఒక పెద్ద కవరులో ఉన్నాయి. సీడీలు నాలుగు, ఫిల్ములు అంతకు రెట్టింపు. కవరు మీద మా చిన్నవాడు, ఆనాడు మేడమీద కత్తెర పట్టినవాడే, ఉర్దూలోనూ తెలుగులోనూ ఆమె పేరు రాశాడు. కింద పరీక్ష పేరు కూడా రాశాడు, ఏ అక్షరమూ మింగకుండా. పోయిన నెల రాజమహేంద్రవరం బస్సులో ఆ కవరును మేము పట్టుకుంటామంటే ఆపా ఇవ్వలేదు. “నువ్వు ఎక్కడైనా పెట్టి మరిచిపోతావు తమ్ముడూ” అంటూ బురఖా మడతల మీద, ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో ఈసారి కొత్త డాక్టరు. చిత్రాలు చూస్తూ ఇంకా తల ఎత్తకముందే ఆపా కవరు బల్లమీదికి జరిపారు.